సవజాకికి బంధువులు లేరు

2023 మే నెలలో, పద్దెనిమిది రోజుల తేడాతో, ఇద్దరు రచయితలు కన్నుమూశారు. మే 4న జపాన్‌లో ర్యో హరా. మే 22న ఒంగోలులో కేతు విశ్వనాథరెడ్డి. హరాకు 76 ఏళ్లు, కేతుకు 83. ఒకరి పుస్తకం మరొకరి చేతికి వచ్చి ఉంటుందని అనుకోలేం. హరా తోక్యో వీధుల్లో తిరిగే ప్రైవేటు డిటెక్టివ్ నవలలు రాశారు. కేతు కడప జిల్లా పల్లెల కథలు రాశారు. ఒకాయన పుస్తకాన్ని దుకాణంలో క్రైమ్ అరలో వెతుక్కోవాలి, ఇంకొకాయన పుస్తకం తెలుగు ఎం.ఏ. విద్యార్థి చేతిలో కనిపిస్తుంది.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవడానికి తేదీలు కారణం కాదు. ఇద్దరి వాక్యంలోనూ తడి పైకి కనిపించదు. చావును చెప్పేటప్పుడు గొంతు పెంచరు. ఏడ్చే మనిషిని చూపించి, పాఠకుడిని ఏడవమని అడగరు. హార్డ్‌బాయిల్డ్ అని ప్రపంచం పిలిచే ఆ రచనా పద్ధతికి అమెరికాలో హామెట్, చాండ్లర్ అనే రచయితలు పునాది వేస్తే, జపాన్‌లో దాన్ని అత్యంత నిష్ఠగా పాటించినవాడు హరా. మన కడప, కర్నూలు కథకులు ఆ పద్ధతిని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఆ పేరూ పెట్టుకోలేదు. అయినా వాళ్ల కథల్లో ఆ కాఠిన్యం ఉంది. రెండు కాఠిన్యాలూ ఒకచోట నుంచి పుట్టినవి కావని, ఆ తేడాలోనే రాయలసీమ సాహిత్యం సాధించిందీ సాధించనిదీ రెండూ ఉన్నాయని నా వాదన.

హరా 1946లో క్యుషు దీవిలోని తోసు అనే ఊళ్లో పుట్టారు. క్యుషు విశ్వవిద్యాలయంలో సౌందర్యశాస్త్రం, కళాచరిత్ర చదివారు. తోక్యోలో జాజ్ పియానో వాయించి బతికారు. ముప్ఫై ఏళ్ల వయసులో విదేశీ క్రైమ్ నవలల మీద పడ్డారు. అందులోనూ రేమండ్ చాండ్లర్ ఆయన్ని పట్టుకుని వదల్లేదు. సొంత ఊరికి తిరిగొచ్చి కూర్చుని మొదటి నవల రాశారు. దాన్ని పోటీలకు పంపకుండా నేరుగా హయకవా ప్రచురణ సంస్థకు ఇచ్చారు. చాండ్లర్‌ని జపనీయుల చేత చదివించిన సంస్థల్లో అది ముఖ్యమైనది. 1988లో ఆ నవల వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన రెండో నవల పేరును తెలుగులో చెప్పాలంటే ‘నేను చంపిన అమ్మాయి’. దానికి నవోకి బహుమతి దక్కింది. 1935 నుంచి ఇస్తున్న ఆ బహుమతి జపాన్‌లో జనం చదివే సాహిత్యానికి పెద్ద గౌరవం. 1990లో ఒక కథల సంపుటి. తర్వాత 1995లో ఒక నవల, 2004లో ఒకటి, 2018లో ఒకటి. ముప్ఫై ఏళ్లలో ఐదు నవలలు, ఒక కథల పుస్తకం. బహుమతి రాగానే ఏడాదికి రెండు రాయమని మార్కెట్టు అడిగే విభాగంలో ఉండి, తొమ్మిదేళ్లకొకటి, పద్నాలుగేళ్లకొకటి ఇచ్చిన మనిషి ఆయన.

ఆ ఐదు నవలల్లోనూ కథ చెప్పేది ఒక్కడే. పేరు సవజాకి. అది ఇంటిపేరు. అతని సొంత పేరు ఏమిటో హరా చివరిదాకా చెప్పలేదు. పశ్చిమ షింజుకులో పాత భవనంలో అతని ఆఫీసు. బోర్డు మీద ఉన్నది మాత్రం అతని పేరు కాదు, ‘వతనబే డిటెక్టివ్ ఏజెన్సీ’ అని ఉంటుంది. ఆ వతనబే సవజాకికి గురువు, భాగస్వామి, ఒకప్పటి పోలీసు. తాగుడుకు బానిసై, పోలీసులు ఒక ముఠాను పట్టుకోవడానికి వల పన్నినప్పుడు ఆ డబ్బూ మత్తుమందూ రెండూ ఎత్తుకుని మాయమైపోయాడు. అప్పటి నుంచి పోలీసులూ వస్తారు, యాకుజా ముఠావాళ్లూ వస్తారు. వతనబే ఎక్కడ అని ఇద్దరూ సవజాకినే అడుగుతారు. ఎప్పుడో ఒకసారి కాగితపు విమానంగా మడిచిన కబురొకటి వతనబే నుంచి అందుతుంది. అంతే. అయినా సవజాకి బోర్డు మార్చడు. ఎందుకు మార్చలేదో చెప్పడు. హరా కూడా చెప్పరు. మోసం చేసిపోయినవాడి పేరు కింద రోజూ తలుపు తీసి కూర్చోవడమే ఆ మనిషి జీవితంలో బంధుత్వం లాంటిది ఏదైనా ఉంటే అది.

‘నేను చంపిన అమ్మాయి’ మొదలయ్యే తీరు చూడండి. ఒక కేసు ఉంది రమ్మని ఫోను వస్తే సవజాకి ఒక సంపన్నుల ఇంటికి వెళ్తాడు. అక్కడ పోలీసులు కాచుకుని ఉంటారు. ఆ ఇంటి పాప, వయొలిన్‌లో అసాధారణ ప్రతిభ ఉన్న చిన్నపిల్ల, అపహరణకు గురైంది. డబ్బు తీసుకోవడానికి వచ్చిన మనిషి ఇతనేనని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ ఫోను చేసిన గొంతు ఎవరిదో అతనికీ తెలియదు. తర్వాత డబ్బు మోసుకురావలసినవాడు కూడా సవజాకే అని అపహరించినవాళ్లు మొండిపట్టు పడతారు. ఆ ఇంటివాళ్లకు అతను ఎవరూ కాడు, ఆ పాపను అతను ఎన్నడూ చూడలేదు. అయినా పుస్తకం శీర్షికలో ‘నేను చంపిన’ అంటున్నది అతనే. ఏ చుట్టరికమూ లేని పిల్ల ప్రాణానికి పూచీ నెత్తిన పెట్టుకోవడం హరా నవలకు గుండెకాయ. సవజాకికి భార్య లేదు, పిల్లలు లేరు, అన్నదమ్ముల ప్రసక్తి లేదు. ఎవరికీ ఏమీ కాడు గనకే ఎవరి తలుపైనా తట్టగలడు, ఎవరినైనా ఏమైనా అడగగలడు.

హరా కంటే ముందు జపాన్‌లో ఇంకో రకం హార్డ్‌బాయిల్డ్ ఉండేది. హరుహికో ఓయబు దానికి ఆద్యుడు. 1935లో అప్పటి జపాన్ వలస పాలనలోని సోల్‌లో పుట్టి, యుద్ధం ముగిశాక చిన్నపిల్లవాడిగా ఆ అల్లకల్లోలంలోంచి బయటపడి జపాన్ చేరినవాడు. 1958లో వసెదా విశ్వవిద్యాలయం విద్యార్థిగా ఉండగా ‘మృగం చావాల్సిందే’ రాశాడు. డిటెక్టివ్ కథల పెద్ద రచయిత ఎడొగవా రంపో దాన్ని గుర్తించి పైకి తెచ్చాడు. కథానాయకుడు పగలు సాహిత్య విద్యార్థి, రాత్రి నిర్దయగా చంపే హంతకుడు. ఆ కథ 1959లో ఒకసారి, 1980లో ఒకసారి సినిమా అయింది. సెయిజున్ సుజుకి 1963లో తీసిన ముఠాల సినిమా ‘యూత్ ఆఫ్ ది బీస్ట్’కూ ఓయబు నవలే మూలం. ఓయబు పుస్తకాల నిండా తుపాకులు, కార్లు, కండలు. యుద్ధంలో తన బాల్యాన్ని తొక్కేసిన లోకం మీద పగ కూడా వాటిలో ఉంది, దాన్ని కాదనలేను. అయితే ఆ పగను సినిమా తెర తనకు కావలసినట్టు వాడుకుంది. చంపడం చూడముచ్చటైపోయింది.

ఇక్కడ కడప, కర్నూలు పాఠకులకు వెంటనే గుర్తొచ్చేది మన ఫ్యాక్షన్ సినిమా. 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో ఆ దారి పడింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో కర్నూలు కొండారెడ్డి బురుజును తెలుగు దేశమంతటికీ పరిచయం చేసిన ‘ఒక్కడు’. వీటిలో పనితనం లేదని అనను. కానీ ఆ కొన్నేళ్లలో మా రెండు జిల్లాల పేర్లు ఒక అరుపుగా మారిపోయాయి. ఎక్కడికి పోయినా “కడపా? అమ్మో!” అనే మాట మా పిల్లల వెంట పడింది. హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కునే కుర్రాడు ఊరు పేరు చెప్పడానికి తటపటాయించే పరిస్థితి వచ్చింది. ఓయబును జపాన్ సినిమా ఎట్లా వాడుకుందో, మా ఊళ్ల చావుల్ని తెలుగు సినిమా అట్లానే వాడుకుంది. ఒక తేడా ఉంది. ఓయబు హంతకుడు కల్పన. కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి కల్పన కాదు. ఆమె మీద కెమెరా ఆగింది తక్కువ.

మరి తెలుగులో డిటెక్టివ్ నవల లేదా? బోలెడు ఉంది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నీ అసిస్టెంట్ రాజునీ తెలుగు ఇళ్లలోకి తెచ్చారు. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు వీధుల్లో అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాల్లో అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టించుకుని తిరిగినవి ఆ నవలలే. మా తరం చదవడం నేర్చుకున్నది వాటితోనే, వాటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ యుగంధర్ మద్రాసు మనిషి. షాడో దేశదేశాలు తిరుగుతాడు. వాళ్లలో ఎవరూ ముద్దనూరులో రైలు దిగి హత్య కేసు చేపట్టలేదు. చేపట్టలేరు కూడా.

ఎందుకంటే మా ఊళ్లో ఎవరు చంపినారో ఊరందరికీ తెలుసు. పొద్దున ఆరుగంటలకు బస్టాండులో వేటు పడితే, ఏడు గంటలకు టీకొట్టు దగ్గర పేర్లు చెప్పుకుంటారు. డిటెక్టివ్ కనిపెట్టవలసిన రహస్యం ఏదీ మిగలదు. పైగా పోలీసు కాగితం మీద పడే పేర్ల జాబితా చూడండి. వేటు వేసినవాళ్లు నలుగురైతే, అవతలి వర్గంలో కాస్త తల ఎత్తుకు తిరిగే ప్రతి మగవాడి పేరూ అందులోకి ఎక్కుతుంది. ఆ రోజు ఊళ్లోనే లేనివాడూ, పెళ్లికి పోయినవాడూ ముద్దాయే అవుతాడు. తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలు. సాక్షులు అడ్డం తిరుగుతారు. ఒకరోజు పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు. నిజం అందరికీ తెలిసినా ఎక్కడా నిలబడదు. పాశ్చాత్య డిటెక్టివ్ కథలో నిజం చివరి పేజీలో దొరుకుతుంది. మా కథలో అది మొదటి రోజే దొరికి, ఆ తర్వాత నెమ్మదిగా చేజారిపోతుంది. ఈ ఒక్క కారణం చాలు, యుగంధర్ లాంటివాడికి ఇక్కడ పని లేదనడానికి.

కానీ హార్డ్‌బాయిల్డ్ నవల అడిగే ప్రశ్న ‘ఎవరు చంపారు’ అన్నది కాదు. ‘ఈ చావుతో ఎవరి సంచి నిండింది’ అన్నది. 1929లో హామెట్ రాసిన ‘రెడ్ హార్వెస్ట్’లో ఒక గనుల పట్టణం ఉంటుంది. కార్మికుల సమ్మెను అణచడానికి గని యజమాని రౌడీ ముఠాల్ని తెప్పిస్తాడు. సమ్మె పోతుంది, ముఠాలు ఉండిపోతాయి, పట్టణాన్ని పంచుకుంటాయి. బయటినుంచి వచ్చిన డిటెక్టివ్ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతాడు. 1961లో కురొసావా తీసిన ‘యొజింబో’లో కూడా రెండు వర్గాలుగా చీలిన ఊరూ, మధ్యలోకి వచ్చిన ఒంటరి కత్తివీరుడూ ఉంటారు. హామెట్ నవలకూ ఆ సినిమాకూ ఉన్న పోలిక గురించి విమర్శకులు చాలా రాశారు. ఆ ఊరిని చూస్తుంటే సీమవాడికి కొత్తగా ఏమీ అనిపించదు. ఇటు ఒక మిద్దె, అటు ఒక మిద్దె, నడుమ మూసుకున్న తలుపులు. ఆ కత్తివీరుడొక్కడే మనకు కొత్త. మా ఊళ్లో రెండు వర్గాల నడుమ నిలబడగలిగేవాడు ఎవడూ లేడు. పేరు చెప్పగానే ‘ఎవురి మనవడివబ్బీ నువ్వు’ అని అడుగుతారు. జవాబు చెప్పిన క్షణమే అతను ఏదో ఒక వర్గంవాడైపోతాడు.

ముఠాకక్షల వెనక ఉన్న డబ్బు గురించి కథకుల కంటే స్పష్టంగా మాట్లాడినవాళ్లలో మానవ హక్కుల నేత కె. బాలగోపాల్ ముందుంటారు. ఊళ్లో పెత్తనం కోసం మొదలైన ముఠా, సారా కాంట్రాక్టులూ రోడ్డు పనులూ గనులూ చేతికి వచ్చాక జిల్లా రాజకీయంగా ఎట్లా పెరిగిందో ఆయన రాశారు. ఆ పెత్తనం అలవాటు ఇంకా పాతది. మా సీమ అప్పట్లో భాగమైన దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ల సైన్యాల్ని అణచి, పన్ను నేరుగా కుంపిణీకి వచ్చేట్టు చేశాడు. కోటలు పోయినా, ఊరి మీద తన మాటే చెల్లాలనే అలవాటు పోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ అలవాటుకు టెండరు కాగితం దొరికింది. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో భూమిలోపల ఉన్న ముగ్గురాయి ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటి. చమురు బావులు తవ్వేటప్పుడు గొట్టంలోకి పంపే బురదను బరువెక్కించడానికి దాన్ని వాడతారు. అంటే ఎక్కడో గల్ఫ్ దేశంలో బావి తవ్వుతుంటే ఇక్కడ రాయికి గిరాకీ. ఇంతకంటే హార్డ్‌బాయిల్డ్ సరుకు హామెట్‌కైనా దొరకలేదు. ఆ రాయి మీద నిలబడగలిగే నవల కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

ఇక కేతు విశ్వనాథరెడ్డి. 1939లో కడప జిల్లా రంగశాయిపురంలో రైతు కుటుంబంలో పుట్టారు. మొదట పత్రికల్లో పనిచేశారు, తర్వాత అధ్యాపకుడయ్యారు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేశారు. 1960ల మొదట్లో కథలు మొదలుపెట్టారు. 1974లో ‘జప్తు’ సంపుటి వచ్చింది. 1996లో ‘కేతు విశ్వనాథరెడ్డి కథలు’ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ‘వేర్లు’, ‘బోధి’ నవలలు. కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యాన్ని సంపుటాలుగా కూర్చి, తెలుగు పాఠకులకు ఒకచోట అందించిన శ్రమ కూడా ఆయనదే. హరా లాగే ఈయనా తక్కువే రాశారు, కారణాలు మాత్రం వేరు. హరా రోజంతా నవలే రాసుకునే మనిషి. కేతుకు ఉద్యోగం ఉంది, పాఠ్యపుస్తకాలున్నాయి, ఇతరుల రచనల్ని సరిదిద్దే పని ఉంది. కథ మిగిలిన సమయంలో వచ్చేది.

ఆయన పరిశోధన గురించి చెప్పకుండా ఆయన కథను అంచనా వేయలేం. డాక్టరేటు కోసం ఆయన ఎంచుకున్నది కడప జిల్లా ఊళ్ల పేర్లు. ఎర్రగుంట్ల, పోరుమామిళ్ల, జమ్మలమడుగు, సిద్ధవటం, గండికోట... గుంటలు, మడుగులు, చెరువులు, కోటలు, పల్లెలు. ఒకప్పుడు ఎక్కడ నీళ్లు నిలిచాయో, ఎక్కడ ఎవరి కోట ఉండిందో, ఏ కులంవాళ్లు ఎక్కడ కాపురం పెట్టారో పేరు పట్టుకుని వెతకాలి. శాసనం చూడాలి, రెవెన్యూ రికార్డు చూడాలి, ముసలివాళ్లను అడగాలి. సవజాకి తన కేసుల్లో చేసేది కూడా ఇదే పని, తలుపు తలుపూ తిరిగి చిన్న చిన్న మాటలు పోగు చేయడం. ఆ క్రమశిక్షణ కేతు కథల్లోకి దిగింది. ఆయన కథలో ఊరు నేపథ్యం కాదు, సాక్ష్యం. నేల, కరువు, అప్పు, జప్తు, ఓటు ఒకదానికొకటి ఎట్లా తగులుకుని ఉన్నాయో ఆయన వ్యాఖ్యానం లేకుండా పరుస్తారు. దీనికి కడప ఊరు కూడా కారణమే. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) 1968లో ‘సంవేదన’ పత్రిక పెట్టిన ఊరు అది. రారా కళ్లు పడితే ఒక్క అలంకారపు మాట కూడా దండగగా బతకదు. ఆయన మెచ్చుకోలుకు కాదు, ఆయన తప్పు పట్టే తీరుకు భయపడి కడప రచయితలు వాక్యాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశారు. కడప కథకుడు సొదుం జయరాం కథల్లో కూడా ఆ పొదుపు కనిపిస్తుంది.

హరాకూ కేతుకూ మధ్య అసలు తేడా ఇక్కడ తేలుతుంది. సవజాకి పొడిగా మాట్లాడితే, అతన్ని పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరు గనక మాట్లాడతాడు. ముసలి కారు, సిగరెట్టు, ఫోను కబుర్లు తీసి పెట్టే సర్వీసు, ఇవే అతని సంసారం. కేతు కథల్లో చదువుకుని ఊరు విడిచి, మళ్లీ పనిమీద ఊరికి వచ్చే మనిషి పొడిగా మాట్లాడితే, చుట్టూ ఉన్నవాళ్లంతా అతనికి ఏదో ఒకటి అవుతారు. చంపినవాడు మామ అవుతాడు. చచ్చినవాడు చిన్నాయన అవుతాడు. మూలన కూర్చుని ఏమీ అనకుండా చూసే ముసలామె జేజి. ఎవరి గురించి నిజం చెప్పినా ఇంకొకరి ఇంట్లో పొయ్యి ఆరుతుంది. అతని నోరు కట్టేసేది భయం ఒక్కటే కాదు, వరస. ఆ వరసల మధ్య నిలబడి, గొంతు పెంచకుండా చూసింది చూసినట్టు చెప్పడం సవజాకి చేసిన పనికంటే కష్టమని నేను నమ్ముతున్నాను. ‘కూలిన బురుజు’ లాంటి ముఠాకక్షల కథలో కథకుడి నిగ్రహం వెనక ఉన్నది ఆ బరువే. తోక్యో డిటెక్టివ్ రాత్రికి ఆఫీసు తాళం వేసి వెళ్లిపోగలడు. కడప కథకుడు పండక్కి మళ్లీ అదే ఊరికి పోవాలి, అదే వరసలో కూర్చుని అదే సంగటి తినాలి.

కక్షలో జరిగే పనుల్లో మనిషిని నరకడం కంటే నాకు ఎక్కువ చెప్పేది చెట్లను నరకడం. చీనీ తోట పెట్టినవాడు కాపు కోసం ఏళ్లు కాచుకోవాలి. బోరు వేయాలి, అది ఎండితే ఇంకోటి వేయాలి, బ్యాంకులోనూ వడ్డీవ్యాపారి దగ్గరా అప్పు తేవాలి, ఎండాకాలం ట్యాంకర్లతో నీళ్లు తోలి మొదళ్లు తడపాలి. అవతలివాళ్లు ఒక్క రాత్రి గొడ్డళ్లతో వచ్చి వరసకు వరస నరికిపోతారు. రక్తం లేదు. పత్రికలో రెండు లైన్ల వార్త. కానీ ఆ ఇంట్లో కూతురి పెళ్లి, కొడుకు చదువు, తీర్చవలసిన అప్పు అన్నీ ఆ మొదళ్ల దగ్గరే పడి ఉంటాయి. మనిషిని చంపితే పగ పుడుతుంది. తోటను నరికితే ఆ కుటుంబం అవతలివాడి దగ్గరకే కూలికో, రాజీకో రావలసివస్తుంది. చెట్టు నరికినవాడికి ఈ లెక్క తెలుసు. సినిమా ఇక్కడ దృష్టి పెట్టదు, ఎందుకంటే చెట్టు అరవదు. హరా అయితే ఇక్కడే ఆగేవారు. నరికించినవాడికి ఆ పొలం పక్కన ఇంకేం ఉందో, ఆ దారిన రాబోయే రోడ్డు ఎవరి టెండరో అడుగుతూ పోయేవారు. ఐదువందల పేజీలు ఆ ఒక్క ప్రశ్నతో నడపగల ఓపిక ఆయనది.

మన కథకుల మీద నా అసంతృప్తి ఇదే. కేతుతో సహా మా రెండు జిల్లాల రచయితలు బాధపడినవాడి ఇంటిని అద్భుతంగా చూపించారు. బాగుపడినవాడి ఇంటి గుమ్మం దాటి లోపలికి పోయింది తక్కువ. కరువు, అప్పు, వలస, విధవరాలి గదిలోని నిశ్శబ్దం మనకు కథల్లో దొరుకుతాయి. బిల్లు ఎట్లా పాసయింది, క్వారీ లీజు ఎవరి బినామీ పేరు మీద ఉంది, కర్నూలు కడప కాలువ ఆధునికీకరణ పనిలో ఎన్ని చేతులు తడిశాయి అన్నది కథగా దొరకదు. దీనికి భయం ఒక కారణం, దాన్ని నేను తప్పు పట్టను. కథా రూపం ఇంకో కారణం. చిన్న కథ ఒక గాయాన్ని చూపించగలదు, ఆ గాయం నుంచి డబ్బు ఏ దారిన పోయిందో వెంబడించడానికి అందులో చోటు చాలదు. దానికి నవల కావాలి, అదీ ఆధారం తర్వాత ఆధారం పేర్చే నవల. సీమ సాహిత్యం అంటే కథే అని మనం గర్వంగా చెప్పుకుంటూ వచ్చాం. ఆ గర్వం మనకు కొంత నష్టం చేసింది.

హరాలో లోపం లేదని కాదు. సవజాకి ఎవరికీ ఏమీ కాకపోవడం నవల నడవడానికి సౌకర్యం. కానీ ఐదో నవల దగ్గరికి వచ్చేసరికి ఆ ఒంటరితనం అలవాటుగా, ఒక్కోసారి భంగిమగా అనిపిస్తుంది. పాతికేళ్లుగా అదే పట్టణంలో బతికిన మనిషికి పక్కింటివాళ్లు లేరా, జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చినవాళ్లు లేరా అని అడగాలనిపిస్తుంది. ఆడవాళ్లు అతని నవలల్లో ఎక్కువగా క్లయింట్లు, బాధితులు, రహస్యాలు దాచుకునేవాళ్లు. కేతు కథల్లో ఆడమనిషికి పని ఉంది, పొలం ఉంది, మాట ఉంది, తన మీద తనకో లెక్క ఉంది. ఈ విషయంలో కడప కథ చాలా ముందుంది. చాండ్లర్‌ని గౌరవించడంలో హరా చూపిన నిష్ఠే ఆయన్ని చాండ్లర్ గీసిన గీత దాటనివ్వలేదు.

కేతు తర్వాతి తరంలో ఓపికైన నవల రాయగలిగినవాళ్లు లేకపోలేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’లో గొర్రెలు మేపుకుంటూ నల్లమల ఎక్కే మనుషుల పనిని, భయాన్ని, వాళ్లకు అడవి గురించి తెలిసిన ప్రతి చిన్న సంగతినీ ఎంత శ్రద్ధగా పేర్చారో చదివినవాళ్లకు తెలుసు. అడవి దారిని అట్లా చెప్పగలిగినవాళ్లు టెండరు దారిని కూడా చెప్పగలరు. కర్నూలులో ఎస్.డి.వి. అజీజ్ పాత రికార్డులు తవ్వి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను నవల చేశారు. 1847లో కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన మనిషి గురించి అంత వెతకగలిగినప్పుడు, మన కళ్లముందు పాతికేళ్లలో పెరిగిన భవంతుల గురించి కూడా వెతకవచ్చు. ఆ నవలకు డిటెక్టివ్ అక్కర్లేదు, ప్రొద్దుటూరులోనో ఆళ్లగడ్డలోనో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో లెక్కలు రాసే గుమస్తా చాలు. ఏ బిల్లు ఎప్పుడు వచ్చింది, ఏ రోజు ఎవరికి ఎంత పోయింది అన్నది అతని పుస్తకంలోనే ఉంటుంది. చచ్చినవాడు అతనికి పిన్నమ్మ కొడుకై ఉండాలి.